కరోనా తర్వాత బయటపడిన షుగర్: నా అనుభవం

నాకు షుగర్ ఉన్నదని మొదటిసారి తెలిసింది 2021 మే నెలలో, కరోనాతో నల్లగొండలోని ఒక ప్రైవేటు దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. మా అమ్మకు షుగర్ లేదు. మా నాయన షుగర్ పరీక్ష అనేది ఎరుగకుండానే పోయినాడు కనుక ఆయనకు ఉన్నదో లేదో చెప్పలేను. ఇది కరోనా వల్ల వచ్చిందా, దానికి వాడిన స్టెరాయిడ్ల వల్ల వచ్చిందా, లేక ముందునుంచే ఒంట్లో ఉండి అప్పుడు బయటపడిందా అని బంధువులు, మిల్లులో తోటివారు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ మూడు సమాధానాలనూ నేను ముగ్గురు వేర్వేరు డాక్టర్ల నోట విన్నాను. ఏది ఎంతవరకు నిజమో నా పరీక్షల కాగితాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే తప్ప తెలియలేదు. ఆ తర్వాత మా బామ్మర్దికి వేరే జ్వరం వచ్చి, దాని వెనుకే షుగర్ బయటపడినప్పుడు ఆయనకు చేసిన అవే పరీక్షల కాగితాలు పూర్తిగా వేరే సంగతి చెప్పాయి. అందుకే రెండింటినీ కలిపి రాస్తున్నాను.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. యాసంగి వడ్లు మిల్లులకు చేరే ఏప్రిల్, మే నెలల్లో మాకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆ ఏడాది కరోనా రెండో ఉధృతి కూడా ఆ నెలల్లోనే వచ్చింది. జ్వరం, ర్యాపిడ్ పరీక్షలో పాజిటివ్, వారం తిరగకుండానే వేలికి పెట్టే పరికరంలో ఆక్సిజన్ 89కి దిగడం, నల్లగొండకు అంబులెన్సులో తరలించడం, ఇదంతా ఆ నెలలో వేల ఇళ్లలో జరిగినదే కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

దవాఖానలో చేరినరోజే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే మందుల పరీక్ష (ట్రయల్) 2020లో తేల్చిన సంగతి ఏమిటంటే, ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ పది రోజుల వరకు ఇస్తే మరణాలు తగ్గుతాయి; ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనబడలేదు. నాకు ఆక్సిజన్ అవసరమైంది కాబట్టి ఆ మందు న్యాయంగానే పడింది. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్లలో జ్వరం వచ్చిన రెండోనాడే, ఇంట్లో నడుస్తూ తిరుగుతున్న మనిషికి కూడా స్టెరాయిడ్ గోలీలు ఇచ్చిన సందర్భాలు నేను ఎరుగుదును. ఆ రెండింటినీ ఒకే గాట కట్టి "స్టెరాయిడ్లు ఇచ్చి అందరికీ షుగర్ తెప్పించినారు" అని అనడం నాకు సరిగా అనిపించదు.

మొదటి రెండు రోజులు పొద్దున పరగడుపున మాత్రమే వేలు గుచ్చి చూశారు. అది 118, 132 వచ్చింది. జ్వరంలో ఆమాత్రం ఉంటుందిలే అన్నారు. మూడోనాడు మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక నర్సు ఎందుకో మళ్లీ చూసింది. 346 ఉన్నది. "అన్నా, మీకు ముందునుంచి షుగర్ ఉన్నదా? గోలీలేమన్న వేసుకుంటున్నరా?" అని అడిగింది. లేదంటే నమ్మనట్టు చూసి, డాక్టర్‌ను పిలుచుకొచ్చింది. పొద్దున ఇచ్చే స్టెరాయిడ్ ప్రభావం మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు ఎక్కువగా ఉంటుందని, అందువల్ల పరగడుపు పరీక్ష దాదాపు మామూలుగా కనబడుతూనే భోజనం తర్వాతి షుగర్ మూడు వందలు దాటగలదని ఆయన అప్పుడు చెప్పారు. స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి పరగడుపు పరీక్ష ఒక్కటే చేసి షుగర్ లేదని సంతోషించడానికి లేదన్నమాట. మా ఇంటినుంచి రోజూ సీసా నిండా బత్తాయి రసం వస్తున్న సంగతి కూడా అప్పుడే ఆయన దృష్టికి వచ్చింది. నల్లగొండ జిల్లాలో బత్తాయి తోటలకు కొదవ లేదు. విటమిన్ సీ పేరుతో ఆ నెలల్లో వార్డులోని ప్రతి మంచం పక్కనా ఆ రసం సీసా ఉండేది. రసం ఆపించి, కావాలంటే ఒక కాయ తొనలుగా తినమన్నారు, దానితోపాటు పూటపూటకూ ఇన్సులిన్ సూది మొదలుపెట్టారు.

ఆ డాక్టర్ చేసిన ఇంకొక పని నాకు అప్పట్లో అనవసర ఖర్చుగా తోచింది గాని, తర్వాతి కథకంతా అదే ఆధారమైంది. ఆయన అదేరోజు హెచ్‌బీఏ1సీ పరీక్షకు రక్తం పంపారు. మన ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అందులోని హిమోగ్లోబిన్‌కు ఆ కాలమంతా ఎంత చక్కెర అంటుకున్నదో ఈ పరీక్ష కొలుస్తుంది కాబట్టి, గడచిన రెండు మూడు నెలల సగటు షుగర్ ఎంతో తెలుస్తుంది. వేలు గుచ్చి చూసేది ఆనాటి చిట్టాలో ఒక పద్దు అయితే, ఇది మూడు నెలల నిల్వ వంటిది. 5.7 కంటే తక్కువ ఉంటే మామూలు, 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కు ముందు దశ, 6.5, ఆపైన ఉంటే షుగర్. నాకు 6.1 వచ్చింది. అంటే నాకు జ్వరం తగిలేనాటికి నేను షుగర్ రోగిని కాను, అలాగని పూర్తిగా మామూలు మనిషినీ కాను. సరిహద్దు మీద నిలబడి ఉన్నాను. భోజనం తర్వాత 346 చూపుతున్న మనిషికి 6.1 రావడమంటే, ఆ పెరుగుదల కొద్దిరోజుల కిందటే మొదలైందని అర్థం. ఈ పరీక్ష ఆనాడు చేయకుండా మూడు నెలల తర్వాత చేసి ఉంటే, అంతకుముందు ఏమి ఉన్నదో ఇక ఎవరూ చెప్పగలిగేవారు కారు.

ఇంటికి పంపేటప్పుడు స్టెరాయిడ్‌ను గోలీల రూపంలో ఇచ్చి క్రమంగా తగ్గించుకుంటూ పొమ్మన్నారు, ఇన్సులిన్ కూడా రాశారు. కాని స్టెరాయిడ్ తగ్గేకొద్దీ ఇన్సులిన్ కూడా తగ్గించుకోవాలన్న సంగతి డిశ్చార్జి కాగితంలో ఎక్కడా లేదు. అసలు షుగర్ అన్న మాటే అందులో జబ్బుల వరుసలో లేదు, చివర ఒక మూల "షుగర్ చూసుకోవలెను" అని మాత్రం ఉన్నది. ఒకనాడు సాయంత్రం చేతులు వణికి, ఒళ్లంతా చెమట పట్టి, కళ్లు చీకట్లు కమ్మాయి. గ్లూకోమీటర్‌లో 58 వచ్చింది. మా అమ్మాయి గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూసి, అప్పుడు అన్నం పెట్టింది. 70 కంటే తగ్గితే అదే చేయాలని ఆమె ఎక్కడో చదివి ఉన్నది. మర్నాడు ఫోన్ చేస్తే ఇన్సులిన్ సగానికి తగ్గించమన్నారు. కరోనా తర్వాత షుగర్‌తో ఇంటికి వచ్చిన వారెవరికైనా అధిక షుగర్ కంటే ముందు ఈ తక్కువ షుగర్ ప్రమాదం గురించి ఎవరైనా చెప్పాలని నా అభిప్రాయం. అప్పట్లో అందరి భయమూ ముక్కు, కళ్ల చుట్టూ సోకే బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు మీదనే ఉండేది. షుగర్ అదుపులో లేకపోవడం, స్టెరాయిడ్ వాడకం రెండూ దానికి దారితీసేవే కాబట్టి ఆ భయం నిజమైనదే. ఆ రోగులను చేర్చుకునే హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ దవాఖాన పేరు వింటేనే మా ఇంట్లో వాళ్లు ముఖం తడుముకునేవారు. అయితే ఆ భయంతో సూది మందును ఎక్కువగా వేసుకున్నవాళ్లూ ఉన్నారు.

స్టెరాయిడ్ పూర్తిగా ఆగిన తర్వాత కొన్ని వారాలకు ఇన్సులిన్ కూడా ఆపేయగలిగాము. అంతటితో పోయిందనుకున్నారు ఇంట్లో. నల్లగొండలోని ఒక ఫిజీషియన్ మేడం మాత్రం ఆగస్టులో మళ్లీ మొత్తం పరీక్షలు చేయించమన్నారు. పరగడుపున 138, తిన్న రెండు గంటలకు 224, హెచ్‌బీఏ1సీ 7.2. పరగడుపున 126 గాని, తిన్న తర్వాత 200 గాని, ఆపైన ఉంటే షుగర్ కిందనే లెక్క. స్టెరాయిడ్ ఒంట్లో నుంచి పోయి రెండు నెలలు దాటింది, జ్వరం లేదు, ఆక్సిజన్ బాగున్నది. ఇక దీనిని మందు మీదికో, జబ్బు తాలూకు ఒత్తిడి మీదికో నెట్టడానికి వీలు లేదు. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చని, ముఖ్యంగా ఐరన్ లోపం ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుందని హిమోగ్లోబిన్ కూడా చూశారు. అది సరిగానే ఉన్నది.

నేను ఆ మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. అది జబ్బు వల్లనా, లేక ఇన్సులిన్ ఉత్పత్తే ఆగిపోతున్నందువల్లనా అన్న అనుమానంతో మేడం రెండు పరీక్షలు రాశారు, వాటికి రక్తం హైదరాబాద్ ల్యాబుకు వెళ్లింది. ఒకటి సీ-పెప్టైడ్. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ తయారుచేసిన ప్రతిసారీ దానితో సమానంగా సీ-పెప్టైడ్ కూడా విడుదలవుతుంది గనుక, సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతున్నదో దీనివల్ల తెలుస్తుంది. రెండోది జీఏడీ యాంటీబాడీ పరీక్ష; శరీరంలోని రక్షణ వ్యవస్థే బీటా కణాల మీద దాడికి దిగిందా అన్నది ఇందులో బయటపడుతుంది. నా సీ-పెప్టైడ్ ఉండవలసిన హద్దుకు కొంచెం పైనే ఉన్నది, యాంటీబాడీలు లేవు. ఇన్సులిన్ తయారవుతున్నది గాని దాని మాట కండరాలు, కాలేయం వినడం లేదు. అది టైప్ 2 లక్షణం. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీలు మొదలుపెట్టారు.

మరి వైరస్ పాత్ర ఎంత? నేను మేడంను అడిగిన ప్రశ్నల్లో ఆమె ఎక్కువసేపు జవాబు చెప్పింది దీనికే. తీవ్రమైన ఏ జబ్బులోనైనా కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరిగి షుగర్‌ను పెంచుతాయి. జబ్బు తగ్గితే అది తగ్గిపోతుంది. కరోనాలో దానితోపాటు ఒళ్లంతా వాపు ప్రక్రియ చెలరేగి, కణాలు ఇన్సులిన్‌ను పట్టించుకోవడం మానేస్తాయి, అది కొందరిలో జ్వరం పోయాక కూడా కొనసాగుతుంది. ఇక వైరస్ నేరుగా బీటా కణాల్లోకి వెళ్తుందా అన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్యే పేచీ ఉన్నది. కరోనా వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ఏసీఈ2 అనే గ్రాహకం బీటా కణాల మీద ఉన్నదనీ, వైరస్ వాటికి సోకి ఇన్సులిన్ విడుదలను తగ్గిస్తుందనీ 2021లో అమెరికాలోని రెండు బృందాలు ప్రకటించాయి. అంతకు ముందు ఏడాదే వేరే బృందాలు క్లోమాన్ని పరిశీలించి, ఆ గ్రాహకం ఎక్కువగా ఉన్నది రక్తనాళాల్లోనూ, జీర్ణరసాలు ప్రవహించే నాళాల్లోనూ అని, బీటా కణాల్లో అంతగా లేదని చెప్పాయి. నా సీ-పెప్టైడ్ బాగానే ఉన్నది గనుక, నా విషయంలో బీటా కణాలు నశించిన ఆనవాలు లేదు. సరిహద్దున ఉన్న మనిషిని వాపు ప్రక్రియ, నెలల తరబడి మంచాన ఉండడం, కండ తగ్గిపోవడం కలిసి అవతలికి తోసి ఉంటాయని ఆమె అంచనా. అంచనా అనే ఆమె చెప్పింది, నిర్ధారణ అనలేదు.

ఆ తర్వాత నేను ఈ విషయమై దొరికినంత చదివాను. 2022 మార్చిలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అమెరికాలోని మాజీ సైనికుల ఆరోగ్య రికార్డుల మీద జరిగింది. కరోనా సోకి కోలుకున్న 1,80,000 మందికి పైగా మనుషులను, సోకనివారితో పోల్చి చూస్తే, ఏడాది లోపల కొత్తగా షుగర్ వచ్చే అవకాశం సోకినవారిలో సుమారు 40 శాతం ఎక్కువగా కనబడింది. ఈ 40 శాతం అన్న మాటను మా మిల్లులో ఒకరు "కరోనా వచ్చిన నూరు మందిలో నలభై మందికి షుగర్" అని అర్థం చేసుకుని ఊరంతా చెప్పారు. నిజానికి దాని అర్థం, ప్రతి వెయ్యి మందికి అదనంగా 13 మంది మాత్రమే. అది చిన్న సంఖ్యగా కనబడుతుంది గాని, దేశంలో కరోనా సోకినవారి సంఖ్యతో హెచ్చవేస్తే చిన్నది కాదు. ఆ అధ్యయనంలోనివారు ఎక్కువగా వయసు మీరిన తెల్లజాతి మగవాళ్లు; యాసంగి సీజన్లో బస్తాల లెక్క చూసే నావంటి వాడికి అదే అంకె అలాగే వర్తిస్తుందని నేను అనుకోను. మన దగ్గర పరిస్థితి వేరుగా ఉండడానికి కారణం ఇంకొకటి ఉన్నది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయి. నావలె సరిహద్దు మీద నిలబడి ఉండి, ఆ సంగతి తెలియనివారు మన చుట్టూ అంతమంది ఉన్నప్పుడు, ఒక పెద్ద జ్వరం వచ్చి పోయిన తర్వాత షుగర్ రోగులు ఎక్కువైనట్టు కనబడడంలో ఆశ్చర్యం లేదు. దానికితోడు, ఆ ఏడాది దవాఖానల్లో చేరిన లక్షల మందికి జీవితంలో మొదటిసారి షుగర్ పరీక్ష జరిగింది. వెతికినప్పుడే దొరికే జబ్బు ఇది.

టీకా వల్లనే షుగర్ వచ్చిందన్న మాట మా హమాలీల మధ్య గట్టిగా నడిచింది. అందులో ఒకాయన నా ముందే అన్నాడు కూడా: "సూది ఏసుకున్నంకనే నీకు షుగరొచ్చింది గద సారూ." నాకు టీకా పడింది షుగర్ బయటపడిన తర్వాత అని చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో కోట్ల మంది రికార్డులను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది దీనికి వ్యతిరేకంగా ఉన్నది. కరోనా తర్వాత టైప్ 2 షుగర్ పెరగడం దవాఖానలో చేరేటంత తీవ్రంగా జబ్బుపడినవారిలో ఎక్కువ, టీకా వేసుకున్నవారిలో వేసుకోనివారి కంటే తక్కువ.

ఇక మా బామ్మర్ది సంగతి. ఆయనది జడ్చర్ల, పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల కంపెనీలో పని. వయసు ముప్పై నాలుగు, బక్కపలుచని మనిషి. 2022 అక్టోబర్‌లో గొంతునొప్పి, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో తగ్గాయి. కరోనా పరీక్షలో నెగెటివ్. మూడు వారాల తర్వాత విపరీతమైన దప్పిక, రాత్రుళ్లు మాటిమాటికీ మూత్రానికి లేవడం, ప్యాంటు నడుము వదులుకావడం. అక్కడి ఒక క్లినిక్‌లో షుగర్ 390 చూసి, వయసు ముప్పై దాటింది కనుక టైప్ 2 అనుకుని గోలీలు రాసి పంపారు. నాకు ఫోన్ చేసి, "బావా, నీకు కరోనాతోటి వచ్చినట్టు నాకు ఈ జరంతోటి వచ్చింది" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. వారం తిరగకముందే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. మా అత్తమ్మ అది పసిరికలేమో అని మందు పోయించడానికి తీసుకుపోదామంటున్నది. మా బంధువు ఒకాయన అడ్డుపడి మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. షుగర్ 480, మూత్రంలో కీటోన్లు, రక్తంలో ఆమ్లం పెరిగి ఉన్నది. ఇన్సులిన్ లేక కణాలు చక్కెరను వాడుకోలేక, కొవ్వును కరిగించుకోవడం వల్ల పుట్టే స్థితి ఇది; కీటోఅసిడోసిస్ అంటారు. ఐసీయూలో సెలైన్, ఇన్సులిన్ డ్రిప్, పొటాషియం ఇచ్చి బతికించారు.

అక్కడ తీసిన హెచ్‌బీఏ1సీ 11.2. నా కాగితం పక్కన ఈ కాగితం పెడితేనే తేడా అర్థమవుతుంది. నాకు జ్వరం నడుమ 6.1, ఆయనకు జ్వరం వచ్చిన నెలకు 11.2. జ్వరంతోనే మొదలై ఉంటే నెల రోజుల్లో సగటు అంత పెరగడం కష్టమని, షుగర్ కొన్ని నెలలుగా లోలోపల పెరుగుతూ ఉండి, జ్వరం దానిని ఒక్కసారిగా తీవ్రం చేసి ఉంటుందని డాక్టర్లు చెప్పారు. జీఏడీ యాంటీబాడీలు పాజిటివ్, సీ-పెప్టైడ్ బాగా తక్కువ. అంటే టైప్ 1. అది చిన్నపిల్లలకే వచ్చే జబ్బని మేమంతా అనుకునేవాళ్లం. బ్రిటన్‌లో జన్యు సమాచారం ఆధారంగా 2018లో చేసిన పరిశీలనలో, టైప్ 1 కేసుల్లో 42 శాతం ముప్పై ఏళ్లు దాటిన తర్వాత వచ్చినవేనని తేలింది. వయసు చూసి గోలీలు రాసే అలవాటు ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. బక్కగా ఉన్న మనిషి, త్వరత్వరగా బరువు తగ్గుతున్న మనిషి, కీటోన్లు ఉన్న మనిషి వస్తే ఏ వయసైనా ఈ అనుమానం రావలసిందే.

అయితే ఆయన విషయంలో వైరస్‌కు సంబంధమే లేదని కూడా అనలేము. ఈ అనుమానం కరోనాతో పుట్టినది కాదు. గవదబిళ్లల తర్వాత షుగర్ వచ్చిన ఒక రోగి సంగతి 1864లోనే నార్వేలో నమోదైంది. 1979లో అమెరికాలో కీటోఅసిడోసిస్‌తో చనిపోయిన పదేళ్ల పిల్లవాడి క్లోమం నుంచి కాక్సాకీ బీ4 అనే వైరస్‌ను వేరుచేసి, దానిని ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ షుగర్ వచ్చిందని వైద్యులు ప్రకటించారు. గర్భంలో ఉండగా రుబెల్లా సోకిన పిల్లల్లో పెద్దయ్యాక షుగర్ ఎక్కువగా కనబడుతుంది. హెపటైటిస్ సీ ఉన్న పెద్దవాళ్లలో టైప్ 2 ఎక్కువ. జపాన్ వైద్యులు 2000లో వర్ణించిన ఒక రకంలోనైతే, జలుబు, జ్వరం వంటి లక్షణాల తర్వాత కొద్దిరోజుల్లోనే ఇన్సులిన్ ఉత్పత్తి పూర్తిగా ఆగిపోతుంది. అంత వేగంగా జరగడం వల్ల షుగర్ ఆకాశాన్ని అంటుతున్నా హెచ్‌బీఏ1సీ ఇంకా పెద్దగా పెరిగి ఉండదు. మా బామ్మర్దిది ఆ రకం కాదని 11.2 అన్న అంకె, యాంటీబాడీలు కలిసి చెప్పాయి. అమెరికా, ఐరోపా దేశాల్లో వేల మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తున్న టెడ్డీ అధ్యయనం 2019లో చెప్పిందేమిటంటే, కాక్సాకీ బీ వైరస్‌లు ఉండే ఎంటిరోవైరస్ బీ కుటుంబపు వైరస్‌లు పేగుల్లో చాలాకాలం నిలిచిపోయిన పిల్లల్లో బీటా కణాల మీద యాంటీబాడీలు పుట్టడం ఎక్కువగా ఉన్నది. అంటే వైరస్ తాకిడికీ షుగర్ బయటపడడానికీ మధ్య ఏళ్లు గడవవచ్చు. మా బామ్మర్ది గుర్తుపెట్టుకున్న జ్వరం ఒకటి, ఏదైనా వైరస్ ఆయనకు ఈ జబ్బును తెచ్చి ఉంటే అది ఎప్పుడో తెలియకుండా వచ్చిపోయిన ఇంకొకటి అయి ఉండవచ్చు. ఆయన ఇప్పుడు రోజుకు నాలుగు పూటలా ఇన్సులిన్ వేసుకుంటాడు. జ్వరం వచ్చి అన్నం తినకపోయినా సూది పూర్తిగా ఆపకూడదని, కీటోన్లు చూసుకోవాలని ఆయనకు దవాఖానలో నేర్పి పంపారు. నా గోలీలు ఆయనకు పనికిరావు, ఆయన సూది అవసరం నాకు లేదు. కాని పెళ్లిళ్లలో మమ్మల్ని చూసి "ఇద్దరికీ వైరస్ షుగరే" అనే బంధువులు ఇప్పటికీ ఉన్నారు.

నా వైద్యం గురించి చెప్పవలసింది తక్కువే. కరోనా తర్వాత చాలాకాలం మెట్లు ఎక్కితేనే ఆయాసం, గంట నడవమన్న సలహా నాకు పనికిరాలేదు. భోజనం తర్వాత పది నిమిషాలు మిల్లు ఆవరణలోనే నడవడంతో మొదలుపెట్టాను. ఆహారంలో మొదట అందరి మాట విని రాత్రి జొన్నరొట్టెలకు మారాను. రొట్టె మంచిదే, అందులో పీచు ఎక్కువ. కాని నాలుగు రొట్టెలు తిని అన్నం మానేశానని చెప్పుకుంటే గ్లూకోమీటర్ నమ్మదు. తిన్న రెండు గంటలకు చూసుకుంటే నాలుగు రొట్టెలకూ, గిన్నెడు అన్నానికీ పెద్ద తేడా కనబడలేదు. రెండు రొట్టెలు, పప్పు, కూర ఎక్కువ అన్నప్పుడే తేడా వచ్చింది. వడ్ల మధ్య బతికేవాడిని కాబట్టి మధ్యాహ్నం అన్నం మానలేదు, కొలత తగ్గించాను.

2022 మధ్యకు హెచ్‌బీఏ1సీ 6.0కి వచ్చింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు, కరోనాతో దవాఖానలో చేరినప్పుడు కొత్తగా షుగర్ బయటపడినవారిని తర్వాత గమనిస్తే, వారిలో సుమారు 40 శాతం మంది మామూలుకో, ముందు దశకో తిరిగివచ్చారని చెప్పారు. నేనూ ఆ వరుసలో ఉన్నానేమో చూద్దామని మేడం మెట్‌ఫార్మిన్ ఆపించారు. మందులేవీ లేకుండా కనీసం మూడు నెలల తర్వాత కూడా 6.5 కంటే తక్కువ ఉంటేనే షుగర్ వెనక్కి తగ్గినట్టని 2021లో అంతర్జాతీయ నిపుణులు ఒక నిర్వచనం పెట్టుకున్నారు. నాకు 6.2 వచ్చింది, ఏడాదికి 6.4 వచ్చింది, ఆ పై ఏడాది యాసంగి సీజన్ ముగిసేసరికి 6.9. గోలీలు మళ్లీ మొదలయ్యాయి. కంటి లోపలి వెనుక పొర (రెటీనా), మూత్రంలో ప్రోటీన్, పాదాల స్పర్శ ఏటా చూపించుకుంటున్నాను, ఇప్పటివరకు అన్నీ బాగున్నాయి.

కరోనా రాకుంటే నాకు షుగర్ వచ్చేది కాదా అని ఒకసారి మేడంను సూటిగా అడిగాను. "6.1 ఉన్నవాళ్లు కొందరు ఐదేళ్లకు దాటుతారు, కొందరు పదేళ్లకు, కొందరు ఎప్పటికీ దాటరు. మీరు ఏ గుంపులోవారో చెప్పే పరీక్ష లేదండీ" అన్నది. ఆ మధ్య ఆరోగ్య బీమా మార్చుకుంటున్నప్పుడు దరఖాస్తులో షుగర్ ఎప్పటినుంచి ఉన్నదో రాయమని ఒక గడి ఉన్నది, కారణం రాయడానికి జాగా లేదు. 2021 ఆగస్టు అని రాసి, మే నెల నాటి 6.1 కాగితాన్నీ, ఆగస్టు నాటి 7.2 కాగితాన్నీ రెండింటినీ జతచేశాను. ఏజెంటు మొదటి కాగితం అవసరం లేదన్నాడు. ఉండనీయమని చెప్పాను.